శునకమునకు రాచపుండు: ఇల్లాలు చేయదగిన తొలి పరీక్ష

మదనపల్లె ప్రాంతమున టమాటతోటకును, పుంగనూరు సీమలో పొట్టి యావులు కట్టు దొడ్డికిని, కుప్పమువైపు అడవియంచున నుండు చేలకును కావలి యెవరని యడిగినచో మొదట చెప్పవలసిన పేరు కుక్కదే. కౌండిన్య అభయారణ్యమునుండి ఏనుగులు పంటలమీదికి దిగిన రాత్రులయందు ఇంటివారిని ముందుగా మేల్కొలుపునది ఆ మూగజీవమే. ఇంత చాకిరి చేయు ప్రాణికి జ్వరము వచ్చినచో ఒక పూట కనిపెట్టి చూతుము. కుంటినచో కాలు పట్టి ముల్లున్నదేమో వెదకుదుము. కాని దాని పొట్టక్రింద ఉసిరికాయంత గడ్డ లేచినచో, ‘ముసలిదైనది, పోనిమ్ము’ అని యూరకుందుము. సోదరీమణులారా! ఈ నెల ఈ శీర్షికయందు ఆ గడ్డను గూర్చియే ముచ్చటింపదలచితిమి.

క్యాన్సరను పేరు క్రొత్తదైనను వ్యాధి ప్రాతదే. మన పెద్దలు దీనిని రాచపుండనియు, పుట్టకురుపనియు పిలిచిరి. ఇది మనుష్యులకు మాత్రమే వచ్చునని తలంచుట సరికాదు. ఎద్దుల కొమ్ముమొదట పుట్టు క్యాన్సరును సేద్యగాండ్రు చాలకాలమునుండి యెరుగుదురు. ఆ కొమ్ము వదులై యొక ప్రక్కకు వ్రేలును. ముక్కునుండి రక్తమో, చీమో కారును. పిల్లికిని, గుఱ్ఱమునకును, కోడికిని గూడ క్యాన్సరు వచ్చును. కుక్కకు మిక్కిలి తరచుగా వచ్చును. ముదుసలి శునకముల మరణకారణములలో ఇది ప్రధానమైన వానిలో నొకటి.

దేహమంతయు కంటికి కానరాని కణములతో నిర్మితమైనది. ప్రతి కణమును తన వంతు పెరిగి, తన పని చేసి, కాలము వచ్చినపుడు నశించును. అందులో నొక కణము ఈ కట్టుబాటును మీరి, అవసరము లేకయే రెండు, నాలుగు, ఎనిమిదిగా పెరుగజొచ్చినచో గడ్డ యేర్పడును. అట్లని గడ్డలన్నియు క్యాన్సరు కావు. పుట్టినచోటనే నిలిచి మెల్లగా పెరుగునవి కొన్ని. ఇవి సాధారణముగా ప్రాణహాని చేయవు. చుట్టునున్న మాంసములోనికి చొచ్చి, రక్తముద్వారా ఊపిరితిత్తులకును, ఎముకలకును ప్రాకునవి కొన్ని. ఈ రెండవ తెగయే క్యాన్సరు. పైచూపుమాత్రమున ఈ రెంటిని వేరుచేయుట వైద్యునికిని సాధ్యము కాదు. ఈ యొక్క మాట గుర్తుంచుకొన్నచో తక్కిన వ్యాసమంతయు సులభముగా బోధపడును.

కారణములు

క్యాన్సరునకు కారణ మొక్కటి కాదు. వయస్సు మొదటిది. ఎనిమిది, పది యేండ్లు దాటిన కుక్కలలో ఇది హెచ్చు. జాతి రెండవది. బాక్సరు, గోల్డెను రిట్రీవరు మొదలగు సీమజాతులకు కొన్ని క్యాన్సరులు విశేషముగా వచ్చును. మిక్కిలి పెద్దవైన జాతులకు కాలియెముకలో వచ్చు క్యాన్సరు హెచ్చు. 2005 వ సంవత్సరమున శాస్త్రజ్ఞులు ఒక బాక్సరు ఆడకుక్కయొక్క వంశసూత్రములను సమగ్రముగా చదివి ప్రకటించిరి. అప్పటినుండి ఏ జాతికి ఏ వ్యాధి యేల వచ్చునో వెదకుట సుగమమైనది. 2012 లో అమెరికాలో మూడువేలకు పైగా గోల్డెను రిట్రీవరు కుక్కలను చేర్చుకొని, వాని జీవితకాలమంతయు ఆహారము, నీరు, నివాసము, వ్యాధులు వ్రాసియుంచు పరిశోధన మొకటి ఆరంభమైనది.

మూడవది ఆడకుక్కల విషయము. గర్భాశయము, అండాశయములు తీసివేయని ఆడకుక్కలలో తరచుగా కానవచ్చు గడ్డ చనుకట్టులోనిది. ఎదకు వచ్చినపుడెల్ల దేహమున ఊరు రసములు ఆ కణములను పెరుగుమని ప్రేరేపించుచుండును. 1969 లో అమెరికాలో ప్రకటింపబడిన యొక పరిశోధనము ప్రకారము, శస్త్రము చేయింపని కుక్కకుండు అపాయమును నూరుగా నెంచినచో, తొలి ఎదకు ముందే శస్త్రము చేయించినదానికి అది అరవంతు. ఒక ఎద తరువాత చేయించినచో 8 వంతులు. రెండు ఎదల తరువాత 26 వంతులు. 2012 లో ఇట్టి పరిశోధనములనన్నిటిని మరల తూచిచూచిన పండితులు, సాక్ష్యము మన మనుకొన్నంత బలమైనది కాదనిరి. 2013 లో గోల్డెను రిట్రీవరులపై జరిగిన పరిశీలనమున, మరీ పసితనమున శస్త్రము చేసినచో కీళ్ళజబ్బులును, కొన్ని యితర క్యాన్సరులును హెచ్చవచ్చునని తేలినది. కావున మన యూరి నాటుకుక్కకు ఎప్పుడు, పెద్దజాతి సీమకుక్కకు ఎప్పుడు అనుట పశువైద్యు నడిగి తెలిసికొనవలసిన మాట. పిల్లలను కనింపదలచని కుక్కకు శస్త్రము చేయించుట మేలే యని మాత్రము హెచ్చుమంది వైద్యులు నేటికిని చెప్పుదురు.

నాల్గవది రసాయనములు. రంగుల కర్మాగారములలో పనిచేయువారికి మూత్రాశయమున క్యాన్సరు వచ్చుచున్నదని జర్మనీలో రేను అను వైద్యుడు 1895 లోనే చెప్పెను. కాని యే పదార్థము దానికి మూలమో రుజువు కాలేదు. 1938 లో అమెరికాలో హ్యూపరు అనునతడు, అతని సహచరులును, రంగుల తయారీలో వాడు బీటా నాఫ్తిలమీను అను పదార్థమును కుక్కల కిచ్చి చూడగా వాని మూత్రాశయములలో క్యాన్సరు పుట్టినది. కాలక్రమమున అనేక దేశములు ఆ పదార్థమును నిషేధించినవి. నీరుగట్టువారిపల్లె మగ్గములమీద నేసిన పట్టుచీరను కట్టుకొనునపుడు మనకు తోచదు గాని, ప్రపంచమున రంగుల పని చేయు కార్మికుల ప్రాణరక్షణమునకు నోరులేని కుక్కలు తమ ప్రాణము లిచ్చినవి.

2004 లో అమెరికాలోనే స్కాటిషు టెర్రియరు జాతికుక్కలను పరిశీలించి, కలుపుమందు చల్లిన పచ్చికలో తిరిగిన వానికి మూత్రాశయ క్యాన్సరు హెచ్చుగా నున్నదని ప్రకటించిరి. దీనినిబట్టి మన తోటలలో చల్లు మందులన్నియు కుక్కకు క్యాన్సరు తెచ్చునని చెప్పరాదు. అయినను మందు చల్లిన దినమున కుక్కను తోటలోనికి విడువకుండుటయు, మందుడబ్బాలలో దానికి నీరు పోయకుండుటయు జాగ్రత్తగల ఇల్లాలి పని.

అంటుకొను గడ్డ

ఇక మిక్కిలి వింతయైన కారణ మొకటి కలదు. మన వీథికుక్కలలో తరచుగా కానవచ్చు ఒక గడ్డ యున్నది. అది మర్మస్థానమున ఎఱ్ఱగా, కాలీఫ్లవరు పువ్వువలె చిట్లి, చుక్కచుక్కగా రక్తము కార్చును. చూచినవారు కుక్క ఎదకు వచ్చినదని పొరపడుదురు. ఇది జోడుకట్టునపుడు ఒక కుక్కనుండి మరియొక కుక్కకు అంటును. నాకుటవలనను, మూచూచుటవలనను ముక్కునకును, నోటికిని గూడ సోకవచ్చును. ఇట అంటునది క్రిమి కాదు. క్యాన్సరు కణమే యొక కుక్క దేహమునుండి మరియొక దేహమునకు పోయి నాటుకొని పెరుగును. ఒకరి చేలోని కలుపుగడ్డి పొరుగుచేలో నాటుకొన్నట్లు!

1876 లో రష్యాదేశపు పశువైద్యుడు నొవిన్‌స్కీ ఈ గడ్డముక్కను ఒక కుక్కనుండి తీసి మరియొక కుక్కకు నాటి, అది బ్రతికి పెరుగుట చూపెను. క్యాన్సరును ఒక ప్రాణినుండి మరియొక ప్రాణికి మార్చి చూపిన తొలి ప్రయోగములలో నిది యొకటి. పిదప నూరేండ్లకు పైగా గడచిన తరువాత, దేశదేశముల కుక్కల గడ్డలను పరీక్షింపగా, అవి యన్నియు ఒకే యొక్క కుక్క దేహములో పుట్టిన కణములకు సంతానమని తేలినది. ఆ కుక్క పదునొకండువేల యేండ్ల క్రిందటిదని 2014 లో లెక్కకట్టిరి. 2019 లో 546 గడ్డలను పరీక్షించి, ఆ లెక్కను సవరించి, అది నాలుగువేలకును ఎనిమిదివేల యైదునూరులకును నడుమ యేండ్ల క్రిందట ఆసియాఖండమున పుట్టినదనిరి. ఆ కుక్క యెన్నడో మట్టిలో కలిసిపోయినది. దాని రోగకణములు మాత్రము నేటికిని వీథులలో తిరుగుచున్నవి.

భయపడవలదు. ఈ గడ్డ మనుష్యులకు అంటదు. కుక్కను ముట్టుకొన్న పిల్లలకు దీనివలన హాని లేదు. మరియు, క్యాన్సరులలో దీనియంత సులభముగా కుదురునది అరుదు. అది యెట్లో ముందు చెప్పెదము.

గుర్తించుట

పశువైద్యుడు కుక్కను ఏడాదికొకసారి చూచును. ఇల్లాలు దినమును చూచును. కావున తొలి పరీక్ష ఆమె చేతిలోనిదే. నెలకొక దినము నియమించుకొని, కుక్కకు నీళ్ళుపోసి తుడుచు సమయమున ఈ విధముగా చూడవలెను.

మొదట దవుడక్రింద రెండుప్రక్కల వ్రేళ్ళతో తడవవలెను. పిదప భుజముల ముందు, వెనుకకాళ్ళ మోకాళ్ళ వెనుక చూడవలెను. అచట గోలీలవలె గట్టిబిళ్ళలు తగిలినచో అవి రసగ్రంథుల వాపు కావచ్చును. నోరు తెరచి చిగుళ్ళు, నాలుకక్రింద చూడవలెను. ఆడకుక్కను వెల్లకిల పరుండబెట్టి చనుకట్టులను మొదటినుండి తుదివరకు నొక్కినొక్కి చూడవలెను. సాధారణముగా ప్రక్కకు ఐదేసి చన్నులుండును. అన్నిటికన్న వెనుకనున్న జతలను మరువరాదు. గడ్డలు అచటనే హెచ్చు. మగకుక్కకు వృషణములు రెండును సమముగా నున్నవో లేదో చూడవలెను. తోకక్రింద, మర్మస్థానమున రక్తముగాని, పుండుగాని యున్నదేమో చూడవలెను.

మానని పుండు, త్వరగా పెరుగు గడ్డ, కారణములేని కుంటు, ముక్కున నొకప్రక్కనుండియే రక్తము, మూత్రములో రక్తము, తిన్నను చిక్కిపోవుట, మ్రింగుట కష్టమగుట, నోటినుండి దుర్వాసన, ఇవి వైద్యునికి చూపవలసిన గుర్తులు. గడ్డ కనబడినచో ఎంత పరిమాణమో గింజతోనో, కాయతోనో పోల్చి, తేదీతో వ్రాసి యుంచుట మంచిది. కందిగింజయా, రేగుపండా, నిమ్మకాయయా అనునది వైద్యునికి మిక్కిలి యుపయోగించును. చనుకట్టులోని గడ్డ మూడు సెంటీమీటర్లకు లోబడి యున్నపుడే తీసివేసినచో, పెద్దదైన తరువాత తీసినదానికన్న ఫలితము మెరుగుగా నుండును. ఆ గడ్డలలో సుమారు సగమే చెడ్డవి. కాని ఏ సగములోనిదో మన చేతికి తెలియదు.

ఇట్టి గడ్డలకు జిల్లేడుపాలు పూయుట, సున్నము పట్టించుట, వాతలు వేయుట కొన్ని యిండ్లలో నేటికిని కలదు. వీనివలన పైచర్మము కాలి పుండుపడునే గాని లోని గడ్డ కరగదు. పైగా అసలు గడ్డయేదో, కాలిన పుండేదో తెలియక వైద్యుడు తికమకపడును. అంతకన్న చెడ్డదేమనగా, ఆ రెండుమూడు నెలల కాలము వ్యర్థమగును.

నిర్ధారణము

‘గడ్డకు సూది తగిలినచో వ్యాపించును, కత్తి తగిలినచో విషమించును’ అను భయము మనలో గాఢముగా నున్నది. ఈ భయమువలననే గడ్డను కొబ్బరికాయంత చేసికొని తెచ్చువారు గలరు. వైద్యుడు చేయునది సన్ననిసూదిని గడ్డలోనికి దింపి, నాలుగు కణములను పైకి లాగి, గాజుపలకమీద పరచి, రంగువేసి సూక్ష్మదర్శినిలో చూచుటయే. దీనికి మత్తుమందు కూడ సాధారణముగా అక్కరలేదు. కొన్ని గడ్డల విషయమున ఇంతమాత్రమున తేలిపోవును. పైని చెప్పిన అంటుగడ్డ కణములు గుండ్రముగా, లోపల బుడగలవలె కనబడి తమ్ము తామే పట్టియిచ్చును. తేలనిచో చిన్నముక్కను కోసి పంపుదురు. చెడ్డగడ్డ యని తేలినపుడు ఊపిరితిత్తులకు ఎక్కినదేమో ఎక్స్‌రేతో చూతురు, రక్తపరీక్షయు చేయుదురు. ఎక్కడ పుట్టినది, ఎంత పెరిగినది, ఎంతదూరము ప్రాకినది అను మూడు ప్రశ్నలకు సమాధానము దొరికిన పిదపనే చికిత్స నిర్ణయమగును.

మొదట దగ్గరలోని ప్రభుత్వ పశువైద్యశాలకు పోవలెను. అచట తేలనిచో తిరుపతిలో 1955 లో స్థాపింపబడిన పశువైద్య కళాశాల యున్నది; 2005 నుండి అది శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయములోని భాగము. కుప్పమువారికి రైలుమార్గమున బెంగుళూరు దగ్గర. అచట హెబ్బాళమున పశువైద్య కళాశాల కలదు. తీసిన గడ్డను పారవేయక పరీక్షకు పంపుడని వైద్యుని అడుగుటకు మొగమాటపడరాదు. గడ్డను తీసివేయుట సగము పని. అదేమో తెలిసికొనుట మిగిలిన సగము.

చికిత్స

గడ్డ ఒక్కచోటనే యున్నపుడు శస్త్రచికిత్స ముఖ్యము. చుట్టునున్న మంచి మాంసమును గూడ కొంత చేర్చి కోసితీసినచో తిరిగి మొలచుట తగ్గును. దేహమంతట వ్యాపించు క్యాన్సరులకు మందులు ఎక్కింతురు. కొన్ని పెద్ద నగరములలో కిరణచికిత్సయు కలదు.

ఈ మందులలో ఒకటి మన పెరటి మొక్కనుండి వచ్చినదే. దేవునికి పూలు కోయుటకై ఇంటిముందు పెంచుకొను బిళ్ళగన్నేరు నెరుగని ఇల్లాలుండదు. దీని పుట్టిల్లు మడగాస్కరు ద్వీపము. ఈ ఆకు కషాయము మధుమేహమునకు పనిచేయునని కొన్ని దేశములలో వాడుక. కెనడాలో నోబిలు, బీరు అను ఇరువురు శాస్త్రజ్ఞులు ఆ సంగతి తేల్చుకొనుటకై పరీక్షింపగా, మధుమేహము మాట యటుండ, ఎలుకల రక్తములోని తెల్లకణములు తగ్గిపోవుట కనబడినది. తెల్లకణములు మితిమీరి పెరుగు రక్తపు క్యాన్సరునకు ఇది పనికిరాదా యను ఆలోచన పుట్టి, 1958 లో విన్‌బ్లాస్టిను అను సారము వెలువడినది. దాని చెల్లెలివంటిదగు విన్‌క్రిస్టిను 1963 లో అమెరికాలో వైద్యమునకు అనుమతింపబడినది.

కుక్కల అంటుగడ్డకు ఈ విన్‌క్రిస్టినే ప్రధానమైన మందు. వారమునకొక్కసారి నరములోనికి ఎక్కింతురు. నాలుగునుండి ఆరు వారములలో, నూటికి తొంబదింటికి పైగా కుక్కలలో గడ్డ పూర్తిగా కరగిపోవును. కత్తి అక్కరలేదు. ఇంత సులభముగా కుదురు వ్యాధితో రక్తము కార్చుచు తిరుగు కుక్కను, అసహ్యమని రాళ్ళతో తరుముట ఎంతటి అన్యాయమో యోచింపుడు.

అయితే బిళ్ళగన్నేరు ఆకు నూరి కుక్కకు త్రాగింపరాదు. టన్నులకొలది ఆకునుండి కొలది గ్రాముల మందే వచ్చును. ఆ యాకులో ఇతర విషములును గలవు. మందు కూడ నరము దాటి వెలుపల చిందినచో మాంసము కుళ్ళును. కావున చేయి తిరిగిన వైద్యుడే ఎక్కింపవలెను. మందు ఎక్కించిన పిదప కొన్ని దినములవరకు కుక్క మలమూత్రములలో దాని యంశము పోవుచుండును. వానిని చేతితొడుగులు వేసికొని శుభ్రపరుపవలెను. గర్భిణులును, పాలిచ్చు తల్లులును ఆ పని చేయరాదు. పిల్లలను ఆ చోటికి పోనీయరాదు.

మరియొక మందునకు తెలుగునాటితో సంబంధము కలదు. 1895 లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలను నడపుచుండగా, అచట ఫోలికామ్లమును, దానికి విరోధులగు మందులను తయారుచేసిరి. వానిలో నొకదానితో 1948 లో ఫార్బరు అను వైద్యుడు రక్తపు క్యాన్సరు గల పసిపిల్లలకు తాత్కాలికముగానైనను ఉపశమనము కలిగించెను. ఆ కుదురునకు చెందిన మెథోట్రెక్సేటును నేడు కుక్కల రసగ్రంథుల క్యాన్సరునకును కొన్ని పద్ధతులలో వాడుచున్నారు. ఈ గ్రంథుల క్యాన్సరు సాధారణముగా సంపూర్ణముగ కుదురదు. మంచి చికిత్సతో ఇంచుమించు ఒక యేడాది సుఖముగా బ్రతుకగలదు. కుక్క యాయుర్దాయములో ఏడాది చిన్నది కాదు. కాని ఖర్చెంత, ఎన్ని ప్రయాణములు, ఎన్నాళ్ళ లాభము అని వైద్యుని ముందే యడిగి, ఇంటివారందరు కలిసి నిర్ణయించుకొనవలెను. అప్పుచేసి చికిత్స చేయింపనివారు నిర్దయులని యెవరును అనరాదు.

ఇంట నున్న నొప్పిమాత్రలను కుక్కకు వేయరాదు. మనకు హితమైన ఐబ్యుప్రొఫెను కుక్కకు విషము. పారాసెటమాలును అపాయకరము కావచ్చును. నొప్పికి కుక్కలకని వేరే మందులు కలవు.

కుక్కనుండి మనుష్యునికి

కుక్క మన యింట, మన గాలి పీల్చుచు, మన నీరు త్రాగుచు బ్రతుకును. దాని క్యాన్సరు మనదానివలెనే తనంతట పుట్టును. మనకు ఇరువదేండ్లలో జరుగునది దానికి రెండుమూడేండ్లలో జరుగును. అందుచే కుక్కకు చేయు చికిత్సనుండి మనుష్యుల చికిత్సను నేర్చుకొనవచ్చునని 2003 లో అమెరికా జాతీయ క్యాన్సరు సంస్థ ప్రత్యేకశాఖ నొకదానిని నెలకొల్పినది.

దీనికి మంచి యుదాహరణ మొకటి మదనపల్లె చరిత్రతో ముడిపడి యున్నది. ఆ యూరిప్రక్క ఆరోగ్యవరమున 1915 లో క్షయరోగుల ఆశ్రమము తెరచిరి. ఆ కాలమున క్షయ యనగా నేటి క్యాన్సరువలె పేరు పలుకుటకు భయపడు వ్యాధి. 1948 ఆగస్టులో మన దేశమున క్షయకు బి.సి.జి. టీకాలను పరీక్షార్థము ఆరంభించిన స్థలములలో మదనపల్లె యొకటి. ఆ టీకాలోని జీవములు దేహరక్షణశక్తిని మేల్కొలుపునని గ్రహించి, 1976 లో కెనడాలో మొరాలెసు అను వైద్యుడు దానినే మూత్రాశయ క్యాన్సరునకు వాడి ఫలితము చూపెను, నేటికిని వాడుచున్నారు. ఆ జాతి సూక్ష్మజీవుల పైపొరలోని యంశమును అనుకరించి చేసిన మందొకదానిని, ఎముక క్యాన్సరుతో కాలు తీసివేయబడిన కుక్కలకు మెక్‌యూవెను అను అమెరికా పశువైద్యుడు ఇచ్చిచూచి, అవి హెచ్చుకాలము బ్రతుకుట 1989 లో ప్రకటించెను. ఆ మందే 2009 లో యూరోపున ఎముక క్యాన్సరు గల పిల్లలకు అనుమతింపబడినది. క్షయకు టీకా, దానినుండి కుక్కకు మందు, కుక్కనుండి పసిబిడ్డకు మందు! ఒకనాడు పేరు చెప్పుటకే వెరచిన వ్యాధినుండి మరియొక వ్యాధికి దారి దొరకినది.

మన మాట

ఇచట సోదరీమణులకు ఒక మాట చెప్పక తీరదు. మన దేశమున స్త్రీలకు వచ్చు క్యాన్సరులలో రొమ్ము క్యాన్సరే హెచ్చు. కుక్క చనుకట్టులోని గడ్డను చూచి కంగారుపడి వైద్యునికి కబురంపు ఇల్లాలే, తన రొమ్ములోని గడ్డను నెలల తరబడి కొంగుచాటున దాచుకొనుచున్నది. మగవానికి చెప్పుటకు సిగ్గు, అత్తగారికి చెప్పుటకు భయము, పిల్లల పరీక్షలు కానిమ్మని యొక వాయిదా, పంట యింటికి రానిమ్మని మరియొక వాయిదా. నొప్పిలేదు గనుక పరవాలేదని తనకు తానే ఓదార్పు. నిజమేమనగా, ఆరంభమున ఆ గడ్డ తరచుగా నొప్పి పెట్టదు. కుక్కకు చెప్పిన సూదిపరీక్షయే మనకును. అదే సూక్ష్మదర్శిని, అదే న్యాయము: చిన్నగడ్డ చిన్నకష్టము, పెద్దగడ్డ పెద్దకష్టము. నెలకొకసారి కుక్కను తడవి చూచిన దినముననే, తలుపు వేసికొని మనలను మనము చూచుకొనుట నియమముగా పెట్టుకొందము. తేడా కనబడినచో ఆ వారముననే వైద్యురాలికి చూపుకొందము.

కుదురని సమయమున

అన్ని గడ్డలును కుదురవు. అట్టి సమయమున చేయదగినది శూన్యమని తలంపవలదు. నొప్పి తగ్గు మందు, మెత్తని పరుపు, పుండుమీద ఈగ వ్రాలకుండ శుభ్రత, మెత్తగా చేసిన అన్నము, పిలిచినపుడు తలనిమురు చేయి, ఇవియు చికిత్సయే. తినుట మాని, లేవలేక, రాత్రింబవళ్ళు మూల్గునపుడు, బాధలేకుండ నిద్రపుచ్చు సూదిని గూర్చి వైద్యునితో మాట్లాడుట పాపమని భయపడరాదు. అట్లు చేయుటయో, చేయకుండుటయో వారివారి మనస్సాక్షికి వదలవలసినది. కుక్కను దూరపు సంతలోనో, ఘాటురోడ్డుమీదనో విడిచివచ్చుట మాత్రము ఏ మనస్సాక్షికిని ఒప్పదు.

ఇక వీథికుక్కల మాట. అంటుగడ్డ జోడుకట్టుటవలన వ్యాపించును గనుక, వానికి సంతాననిరోధ శస్త్రములు చేయించుటయే దానికి అడ్డుకట్ట. ఇందునకు మన దేశమున 2001 లో నియమము లేర్పడి, 2023 లో క్రొత్తవి వచ్చినవి. మీ వీథిలో రక్తము కార్చు కుక్క కనబడినచో పురపాలకసంఘమువారికిగాని, పశువైద్యశాలకుగాని తెలియజేయుడు. మీ యింటికుక్కను ఎదకాలమున వీథిలోనికి విడువకుడు.

వచ్చు నెల ఈ శీర్షికయందు కుక్కకాటును గూర్చియు, పిచ్చికుక్క వ్యాధికి టీకాలను గూర్చియు వ్రాసెదము. ఆలోపల ఈ ఆదివారమే మీ కుక్కకు నీళ్ళుపోయునపుడు దవుడక్రిందనుండి తోకవరకు ఒక్కసారి వ్రేళ్ళతో తడవి చూడుడు. ఏమియు తగులకున్న సంతోషము; తగిలినచో తేదీ వ్రాసి, సోమవారము పశువైద్యశాల తలుపు తెరచువేళకు అచటనుండుడు.